పంచాయతీ మైకుకు గొళ్లెం

చి. మల్లికకు మామ ఐలేశం దీవెనలు.
ఫోన్ చేస్తే మీ అత్త జానమ్మ మధ్యల గుంజుకుంటది, అందుకే ఉత్తరం. పంచాయతీ మైకు తాళంచెవి నాకిచ్చిండ్రు. మైకు ఒక్కటి, నోర్లు నలభై. నిన్న గుర్వయ్య పింఛన్ల సంగతి చెప్తుంటే, నరహరి నడుమ జొచ్చి తప్పిపోయిన మేక సంగతి చెప్పిండు. ఊరికి ఇనపడ్డది ఇదీ: "రేపు పింఛను నల్లమేకకు." ఇంకోసారి గిట్లయితే తాళంచెవి తీసుకుంటనన్నడు సర్పంచి. నా ఇజ్జత్ సంగతి. నువ్వు కంప్యూటర్ల కొలువు చేస్తవు గద, గీ తీరు అందరొక్కసారి జొస్తే మీ కంప్యూటర్ల ఎట్ల నడుపుతరు?
ఇట్లు, మైకు ఇన్‌చార్జి ఐలేశం
తా.క.: ఇన్‌చార్జి అని రాసుడు ఇదే మొదలు. మంచిగున్నదా?

మామకు దండాలు.
మాదీ అదే గోస. కంప్యూటర్ లోపల ఎవరి కబురైనా చీటీ రాసి డబ్బాలో వేస్తారు. తాళంచెవి దొరికినవాడు డబ్బాలోవన్నీ వరుసగా చదవాలి. చదువుతుండగా పడినవీ చదవాలి. లోపల గొళ్లెం పెట్టుకుంటాడు, ఎవరు తలుపు కొట్టినా తియ్యడు. బస్సు వచ్చింది, మిగతాది మళ్లీ రాస్తా.
నీ కోడలు మల్లిక
తా.క.: ఇన్‌చార్జి బాగుంది.

చి. మల్లికకు,
నువ్వు రాసినట్టే చేసిన. మొదటిరోజు మస్తు పేరొచ్చింది. రెండోరోజు అందరూ రుచి మరిగిండ్రు. నిహారిక పుట్టినరోజు, గుర్వయ్య అల్లుడి రాక... చదివినకొద్దీ పడుతున్నయి. ఎవరో తలుపు దబదబ బాదిండ్రు. "చీటీ రాసి వరుసల వెయ్యి" అని మైకులనే చెప్పిన. ఇరవైమూడో చీటీ: "ఐలేశం గొర్లు లక్ష్మీనర్సమ్మ కందిచేన్ల పడ్డయి." ఏ ఐలేశమో జర చూసుకోవాలె అని రెండుసార్లు చదివిన. కిటికీలకెళ్లి మీ అత్త చెయ్యి వచ్చి మైకు గుంజుకున్నది. "ఓ ఇన్‌చార్జీ, గవి మనయే!" ఊరంతా విన్నది. మైకు గదికి గొళ్లెం పెట్టిన గని, గొర్లదొడ్డికి పెట్టలే. సగం చేను పాయె. రేపు సర్పంచి రమ్మన్నడు.
నీ మామ ఐలేశం
తా.క.: నరహరి మేక గూడ గా చేన్లనే దొరికింది.

మామకు దండాలు.
నేను రాసింది మందు కాదు మామా, రోగం! అది కుదర్చడానికే నాకు జీతం. మా మిషన్లూ చీటీలు చదువుకుంటూ, ప్రాణం మీదికొచ్చిన కబురు వినక ఆగిపోతున్నాయి. నీ ఉత్తరం చూసి అత్త పద్ధతి పెట్టా: ఆపద వస్తే గొళ్లెం ఉన్నా మైకు గుంజుకోవచ్చు. పని చేసింది! మా సార్ మెచ్చుకున్నారు. నీకు మాత్రం క్షమాపణ.
కోడలు మల్లిక
తా.క.: ఆ పద్ధతికి జానమ్మ అని పేరు పెట్టా.

చి. మల్లికకు,
నీ ఉత్తరం మీ అత్త గుంజుకొని మైకుల చదివింది. సర్పంచి తాళంచెవి ఆమెకే ఇచ్చిండు. నాకు మనసు బాగలేదు బిడ్డా.
ఉత్త ఐలేశం
తా.క.: పెన్ను గుంజుకొని నేను, మీ అత్తను, రాస్తున్న. మీ మామ పొద్దున డబ్బాల చీటీ వేసిండు, తాళంచెవి మళ్లీ ఇయ్యమని. వరుసల ఉన్నది.