పెద్దక్షరాల్లో నీ మెసేజీ

మావా,

నువ్వు పోయినప్పటి నుంచీ ఒడ్డున బోర్లించి ఉన్న మన పడవను ఈ ఉదయం నీ తమ్ముడు అప్పన్న నీళ్లలోకి దించాడు. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంకొకటుంది. పాత ఫోను పాడైతే అమ్మాయి కొత్తది కొని, నీ మెసేజీలన్నీ అందులోకి మార్చింది. తెరిచి చూస్తే అంతా చెదిరిపోయి ఉంది. వేట ముగించి తిరుగుముఖం పట్టాక నువ్వు సముద్రం మీంచి పంపే మూడు ముక్కలూ ఒకే వరసలో, మధ్య మధ్య పెద్ద ఖాళీలతో పడి ఉన్నాయి. కొత్త ఫోను నీ మాటల్ని పాడుచేసిందని కోపం వచ్చింది.

"ఫోను తప్పు కాదమ్మా. నాన్న కింది వరసకెళ్లడానికి ఖాళీలు కొట్టుకుంటూ పోయీవోడు. ఆ సిన్న ఫోన్లో సరిపోయీది. ఇది ఎడల్పు కదా" అంది అమ్మాయి.

అలా అంటూనే అక్షరాలను పెద్దవి చేస్తూ పోయింది. ఒకచోట మాటలు వాటంతట అవే కిందికి దిగాయి.

గాలి తగ్గింది
వస్తన్నాను
గంప తే

"మళ్లీ సిన్నవి సేసీమంటావా?" అని అడిగితే వద్దన్నాను.

ఇందాక అప్పన్న మెసేజీ వచ్చింది. వాడికి ఖాళీలు కొట్టే ఓపిక లేదు, ఉన్నదంతా ఒక్క వరసలో రాసేస్తాడు. అయినా ఆ పెద్దక్షరాల్లో అదీ నీ మెసేజీలాగే విడిపడింది.

వస్తన్నాను వదినా
గంప తే

ఇక ఆపుతున్నాను మావా. గంప తీసుకుని ఒడ్డుకు వెళ్లాలి.