నీ కయాక్ నేనే ఎక్కి చూశాను

ఎల్ అతాయా, కెర్కెన్నా దీవి
అక్టోబరు ఇరవై ఆరు, ఆదివారం

ఖ్మయిస్‌కు,

నీ సాల్హా సలాములు. అల్లా దయవల్ల నేనూ, మన అమ్మాయీ, నీ మొండి మేకా బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావని నర్సు ఫోనులో చెబుతూనే ఉంది గాని, నీ చేతిరాతలో చూసుకుంటే తప్ప నాకు నమ్మకం కుదరదు. ఫోను చెవి దగ్గర పెడితే నువ్వు గోడవైపు తిరిగిపోతావట. ఉత్తరమైతే మాత్రం దిండు కింద పెట్టుకుని రెండోసారి కూడా చదువుతావట. ఈ మాట నాకు చెప్పినందుకు ఆ పిల్ల మీద కోప్పడకు. అందుకే వేళ్లు నొప్పి పుట్టినా ఈసారి పెద్ద ఉత్తరమే రాస్తున్నాను.

మంగళవారం లాంచీలో నీ ఉత్తరం వచ్చింది. అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. కప్పు కారడం ఆగింది. మొన్న రాత్రంతా వాన పడినా ఒక్క గిన్నె కూడా కింద పెట్టాల్సిన పని లేకపోయింది. అర్వా స్ఫాక్స్‌లో హాస్టలుకు అలవాటు పడింది. లెక్కల్లో బాగా రాశానంటోంది, మిగతావాటి సంగతి ఎత్తడం లేదు. నువ్వైనా అడుగు, నన్ను మాటల్లో పెట్టేస్తోంది. మేక ఈనలేదు. కడుపుతో ఉందనుకుని రెండు నెలలు బార్లీ మేపాను. ఉత్త పొట్ట! ద్లాలా పిన్ని దాన్ని చూసి, "ఇదీ మా ఆయన లాంటిదేనే, తిండికే తప్ప దేనికీ కాదు" అంది. ఆయన పక్కనే కూర్చుని నవ్వాడు పాపం.

ఇక నీ ఉత్తరంలో చివరి పేజీ సంగతి. "ఇంటికి రాను సాల్హా. ట్యూనిస్‌లో అక్క దగ్గరే ఉండిపోతాను. ఆ కిటికీలోంచి సముద్రం కనబడదు" అని రాశావు. ఆ పేజీని నేను మడత పెట్టి డబ్బాలో దాచాను, సెలవులకు వచ్చినప్పుడు అమ్మాయి కంటపడకుండా. నీతో వాదించను. ఇరవై రెండేళ్లలో వాదించి నీ దగ్గర గెలిచిందెప్పుడు? కానీ నువ్వు ఆ మాట రాసే రోజుకే ఇక్కడ ఒక పని మొదలై ఉంది. అది చెబుతాను. చదివాక నీ ఇష్టం.

మన ఇంటి వెనక ఒక కయాక్ ఉంది. చేపల వేటకని చేసిందే. ఎండాకాలంలో వచ్చేవాళ్లు నడుపుతారే, మనిషి తుమ్మితే తిరగబడే సన్నటి పడవ, అలాంటిది కాదు. ఇది వెడల్పు. మన వీధి తలుపులోంచి అడ్డంగా పట్టలేదు, గోడ మీంచి దించాల్సి వచ్చింది. అడుగున మధ్యలో లోపలికి పోయి, రెండు పక్కలా రెండు చిన్న పడవల్ని అతికించినట్టుంటుంది. పైన మూత లేదు. లోపల నీళ్లు పడితే అడుగు చిల్లుల్లోంచి వాటంతట అవే దిగిపోతాయి. మధ్యలో ఎత్తుగా కుర్చీ, వీపు ఆన్చుకోవడానికి పట్టా. గాలాలు గుచ్చుకోవడానికి నాలుగు గొట్టాలు. రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. రంగు పండీ పండని ఖర్జూరం రంగు, నీకు నచ్చదు, తెలుసు. స్ఫాక్స్‌లో చేసిన మేస్త్రీ, "వారం రోజులు నీళ్లలో పెట్టి చూడండి. మీ మనిషికి పనికొస్తేనే ఉంచుకోండి, లేకపోతే తీసుకుపోతాను" అని దించి వెళ్లాడు.

ఆ మేస్త్రీని వెతికి పట్టుకున్నది మొన్సిఫ్. వాడి పేరు చూడగానే కాగితం నలిపెయ్యకు. నీ తమ్ముడు మన గడప దాటలేదు, ఇంటికి రావద్దన్న నీ మాట వాడు జవదాటలేదు. పడవ గోడ మీంచి అందించి, బయటి నుంచే నాతో మాట్లాడాడు. మిగతాదంతా సముద్రం దగ్గరే జరిగింది. సముద్రం నీ గడప కాదు కదా.

మొదటిరోజు వాడే ఎక్కాడు. వాడి ఒళ్లు నీకు తెలుసు. ఆ కయాక్ మధ్యలో నిటారుగా నిలబడి, అటూ ఇటూ ఊగి, రెండుసార్లు ఎగిరి గెంతాడు. పక్కకు వాలిందే గాని తిరగబడలేదు.

"కూర్చున్న ఒంటెలా ఉంది వదినా, నెట్టినా లేవదు! ఇంకేం, ఉంచేసుకుందాం" అన్నాడు.

"నీకు రెండు కాళ్లున్నాయి మొన్సిఫ్. నువ్వు గెంతితే మీ అన్నకేం ఒరిగింది?" అన్నాను.

వాడి నవ్వు పోయింది. నాకూ మనసు చివుక్కుమంది. అయినా మాట నిజమే కదా. ఆ సాయంత్రమంతా ఆలోచించి, మర్నాడు పొద్దున ఒడ్డున కూర్చుని నా ఎడమకాలు వెనక్కి మడిచి, మడమ తొడకు ఆనేలా పాత తలగుడ్డతో బిగించి కట్టాను. నీ కాలు ఎంతవరకు ఉందో అంతవరకే. నేను నీళ్లలో దిగి పదేళ్లు దాటింది. పడవెక్కి ఎన్నాళ్లయిందో గుర్తే లేదు.

ద్లాలా పిన్ని ఒడ్డున ఆక్టోపస్‌లను దండెం మీద ఆరేస్తోంది. "ఏమే సాల్హా, మొగుడికి ఒక కాలు పోతే నువ్వో కాలు కట్టుకున్నావేంటే? ఇంట్లో అన్నీ సగం సగం పంచుకుంటారా?" అని అరిచింది.

"ఉన్న రెండూ నీలాగా ఒడ్డునే అరిగిపోతే ఏం లాభం పిన్నీ?" అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వి, పని వదిలేసి వచ్చి నాకు భుజం ఆసరా ఇచ్చింది. తిడుతూనే నీళ్లలోకి దింపింది.

ఇక్కడ నుంచి శ్రద్ధగా చదువు, ఇది నీ వృత్తి సంగతి. ఎక్కి కూర్చున్నంతసేపూ పడవ కదలలేదు. నిజంగానే మంచం మీద కూర్చున్నట్టుంది. తెడ్డు వేయడం మొదలుపెట్టాక తెలిసింది కష్టం. మనిషి ఒక్క చేతులతోనే తెడ్డు వేయడు, కాళ్లతో కూడా తన్నిపెట్టుకుంటాడు. ఒక్క కాలే తన్నేసరికి నా నడుం కుర్చీలో జరిగిపోతూ వచ్చింది, పడవ నేననుకోని వైపు తిరిగిపోయింది. అరగంటలో తుంటి ఒరుసుకుపోయింది. మొన్సిఫ్ వలలకు కట్టే బెండు ముక్కలు గుడ్డలో చుట్టి కుర్చీకి ఎడమపక్క బిగించాడు. తొడ దానికి ఆనుకుంది. అప్పుడు పడవ సూటిగా పోయింది. ఎడమపక్క ముందుభాగంలో నీళ్ల డబ్బా ఒకటి పెడితే బరువు కూడా సరిపోయింది. రెండోరోజు సాయంత్రానికి, చేపలు పడటానికి నీళ్లలో పాతిన మన ఈతమట్టల కంచె దాకా వెళ్లి వచ్చాను. మన కంచెలో పడిన చేపల్ని పైనుంచి చూశాను ఖ్మయిస్. నీ భార్యనై ఇన్నేళ్లకు మొదటిసారి, నువ్వు రోజూ చూసేది నేను చూశాను. నువ్వు ఇంటికొచ్చి అన్నం దగ్గర ఏమీ మాట్లాడకుండా ఎందుకు కూర్చునేవాడివో అప్పుడు అర్థమైంది. చెప్పడానికి మాటలుండవు.

మూడోరోజు పడ్డాను.

మొన్సిఫ్ ఆక్టోపస్‌లు దూరడానికని కుండలు కట్టి వేసిన తాడు దగ్గరికి వెళ్లాం. వాడు తన పడవ అక్కడే వదిలి, నీళ్లలో నిలబడి చూస్తున్నాడు. నేను తాడు అందుకుని కుండ పైకి లాగాను. లోపల ఆక్టోపస్ ఉంది, కుండ బరువుగా ఉంది. ఆశకొద్దీ రెండు చేతులా లాగాను. కయాక్ తిరగబడలేదు, నేనే దాని మీంచి జారి నీళ్లలో పడ్డాను. భుజాల లోతే. కానీ ఒంటికాలు నాచు మీద నిలవలేదు. మునిగాను. తడిసిన ముడి ఇంకా బిగుసుకుని ఊడిరాలేదు. నోట్లోకీ ముక్కులోకీ ఉప్పునీళ్లు. తల పైకి తేలేసరికి మొన్సిఫ్ నీళ్లను తోసుకుంటూ వచ్చేస్తున్నాడు.

"రావద్దు! అక్కడే ఆగు!" అని అరిచాను.

"పిచ్చా వదినా నీకు? చచ్చిపోతావ్!"

"నువ్వు చెయ్యేస్తే ఇదంతా దండగ. ఆయన ఒక్కడే పడితే ఎవరొస్తారు? ఆగమన్నానా!"

వాడు ఆగాడు. చేతులు ముందుకు చాచి, అలాగే ఆగాడు. నేను పక్కనుంచి ఎక్కబోయాను. ఆ వెడల్పే అడ్డం వచ్చింది, చెయ్యి అవతలి అంచుకు అందలేదు. రెండుసార్లు జారాను. అప్పుడు అంచు పట్టుకుని వెనక్కి వెళ్లాను. తోక దగ్గర అది నీటికి బాగా దగ్గరగా ఉంటుంది. అక్కడ పొట్ట ఆనించి, ఉన్న కాలితో నీళ్లను తన్నాను. మూడోసారి సగం దాకా వచ్చి మళ్లీ పడ్డాను. నాలుగోసారి కప్పలా పాకి, గుర్రమెక్కినట్టు కాలు వేసి, కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. అంతసేపూ కయాక్ తిరగబడలేదు. నీ చేతుల్లో ఉన్న బలంలో నాకు సగం కూడా లేదు. నేనెక్కాను కాబట్టి నువ్వు ఎక్కగలవు. ఇది నేను ధైర్యం చెప్పడానికి రాసిన మాట కాదు, చూసి రాసిన మాట.

కూర్చున్నాక ఏడుపొచ్చింది. మొన్సిఫ్ వచ్చి అంచు పట్టుకున్నాడు. "వదినా, ఇది నేను తెప్పించానని అన్నకి చెప్పకు. మేస్త్రీ తనంతట తనే తెచ్చాడని రాయి. నా చెయ్యి పడిందని తెలిస్తే అన్న దీన్ని ముట్టుకోడు" అన్నాడు.

ఆ మాటతో నాలో అయిదు నెలలుగా ఆగినది ఇక ఆగలేదు. ఖ్మయిస్, ఇప్పుడు రాయబోయేది చదివేముందు నీళ్లు తాగు.

నీ కాలు తీయమని ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టింది మొన్సిఫ్ కాదు. నేను.

గాయం మూడు వారాలు మేజోడులో దాచావు. జ్వరంతో పడిపోయేముందు నా చెయ్యి పట్టుకుని, "ఏమైనా సరే, కాలు ముట్టుకోనివ్వకు" అని మాట తీసుకున్నావు. ఇచ్చాను. ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి, విషం పైకి ఎక్కుతోంది, అరగంటలో తేల్చండి అన్నాడు. మొన్సిఫ్ కలం తీసుకున్నాడు గాని సంతకం పెట్టలేకపోయాడు. "అన్న నన్ను జన్మలో క్షమించడు వదినా" అని కలం కింద పెట్టేశాడు. నేను తీసుకున్నాను. తడుముకోకుండా సంతకం పెట్టాను. ఆ సంగతి కూడా నీకు తెలియాలి. ఒక కాలు ఒకవైపు, నువ్వు ఒకవైపు ఉంటే నాకు ఆలోచించడానికి అరగంట అక్కర్లేకపోయింది.

నువ్వు లేచి, దుప్పటి కింద చూసుకుని, ఎవరు చేశారిది అని కేక పెట్టావు. ఎదురుగా నిలబడ్డవాణ్ని చూసి నువ్వేనా అన్నావు. వాడు అవునన్లేదు, కాదన్లేదు. నువ్వు తిట్టినదంతా తలవంచుకుని విన్నాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. చెప్పలేదు. వసారాలోకి వచ్చాక వాడే నాతో అన్నాడు: "ఉండనీ వదినా. నా మీద కోపమైతే వీధిలో తిరుగుతుంది. నీ మీద కోపమైతే ఇంట్లో కూర్చుంటుంది." అది నాకు సుఖంగా అనిపించింది. అందుకే ఊరుకున్నాను. వాడు మన గడప తొక్కకుండా, పెళ్లికొడుకు వేషంలో నువ్వున్న ఫోటో తన గోడ మీంచి తీయకుండా అయిదు నెలలు నా తప్పు మోశాడు.

సంతకం పెట్టినందుకు నేను క్షమాపణ అడగను. మళ్లీ ఆ కాగితం నా ముందు పెడితే మళ్లీ సంతకం పెడతాను. నోరు మూసుకున్నందుకు అడుగుతున్నాను. మాట తప్పినదాన్ని, ఆపైన పిరికిదాన్ని. కోప్పడు. ఎంతసేపైనా కోప్పడు, కానీ సరైన మనిషి మీద కోప్పడు. మొన్సిఫ్‌కు రెండు వాక్యాలు రాయి. నేను నీకు చెప్పేశానని వాడికింకా తెలియదు.

నిన్న మేస్త్రీ వచ్చి, ఏమంటారు అని అడిగాడు. ఉంచుకుంటున్నామని చెప్పాను. నువ్వు రాకపోతే దాన్ని నేనే నడుపుతాను. నవ్వకు, ఆ మూడోనాటి కుండ చివరికి పైకి లాగాను. అందులోది బార్లీ రవ్వ కుస్కుస్‌లో వండి మొన్సిఫ్ ఇంటికీ పిన్ని ఇంటికీ పంపాను.

నెలాఖరుకు నిన్ను వదులుతారట. అక్క ఇల్లు ట్యూనిస్‌లో ఎక్కడికీ పోదు, ఇక్కడ నచ్చకపోతే నేనే తీసుకెళ్లి దింపుతాను. కానీ ముందు ఒక్క పొద్దుట ఇక్కడికి రా. కయాక్‌లో ఒక్కరికే చోటు. నువ్వెక్కు. భయం వేస్తే చెప్పకపోయినా పర్లేదు, నాకు తెలుస్తుంది. మన తీరంలో మైళ్ల దూరం పోయినా నడుం లోతు దాటని చోట్లున్నాయి. నువ్వు తెడ్డు వేసుకుంటూ పో. పట్టుకోను, పిలవను. నీ వెనకే నీళ్లలో నడిచి వస్తాను.

ఇట్లు
నీ మీద దిగులు పెట్టుకున్న నీ ఇంటిమనిషి,
అర్వా తల్లి,
సాల్హా