కుడికి వాలిన సుద్దగీత

తమ్ముడూ,

ముప్పై ఏళ్లకు ఉత్తరమేమిటని కంగారుపడకు, బతికే ఉన్నాను. ఇక్కడి ఆస్పత్రిలో ముసలాళ్లకు చావుభయం పోగొట్టే క్లాసు పెట్టారు. ఎవరినైనా క్షమిస్తూ ఉత్తరం రాయమంది టీచరమ్మ. పెద్ద మనసు చేసుకుని నీకే మొదలుపెట్టాను: "ఆ పెళ్లికొడుకు కోటు పాడుచేసినందుకు..." అక్కడే కలం ఆగిపోయింది.

మన దర్జీ కొట్లో ఎవరు ఏది కత్తిరించామో గుర్తుండనంత పని ఉన్న రోజులవి. కానీ నీది ఎడమచేతి వాటం, నీ సుద్దగీత ఎడమకు వాలుతుంది. ఆ కోటు గుడ్డ మీద గీత కుడికి వాలింది. నువ్వు చూడకముందే దాన్ని బ్రష్‌తో దులిపేసి, అందరి ముందూ నిన్ను తిట్టాను. నువ్వు మళ్లీ కత్తెర పట్టలేదు.

చావంటే పెద్ద భయం లేదురా. నేను పోయాక కూడా తప్పు నీదేనని నువ్వు నమ్ముతూ ఉంటావేమోనని భయం.

అన్నయ్య