కొత్తగూడకు కాపలా ప్రొటీన్లు

హైదరాబాదు, నవంబరు 1970

కొత్తగూడ సర్పంచి రాజయ్య గారికి,

ఆరోగ్య ప్రచారాధికారి విశ్వేశ్వరరావు నమస్కారాలు. మీ పక్క క్వారీలో మశూచి కనిపించింది. మీ ఊరివాళ్లు టీకాలవాళ్లను చూసి తలుపులు వేసుకున్నారట! మనిషి చంద్రుడి మీద నడిచొచ్చాడు, మనకు సూదంటే భయమా?

ఒంట్లో కాపలా ప్రొటీన్లుంటాయండీ. యాంటీబాడీ శత్రువును గుర్తుపట్టి పట్టుకుంటుంది, వదలదు. దాన్ని తయారు చేయించేదే టీకా. అది పట్టుకున్న చోటికి కాంప్లిమెంట్ అనే గుంపు ఒకరి వెనక ఒకరుగా వచ్చి చిల్లులు పొడుస్తుంది. వైరస్ దూరిన కణం చస్తూ కూడా ఇంటర్ఫెరాన్‌ను వదిలి, తలుపులు బిగించుకోమని పక్క కణాలకు చాటిస్తుంది. ఇది ఊరందరికీ చదివి వినిపించి, వెంటనే అమలు చేయించండి.

ఇట్లు,
విశ్వేశ్వరరావు

తా.క. మూడేళ్లలో టీకా వేయించుకోనివాడు ఎంత పెద్దవాడైనా ప్రమాదమే. మొహమాటపడకండి.

కొత్తగూడ

విశ్వేశ్వరరావు సార్‌కు రాజయ్య దండాలు.

సర్కారు ముద్రున్న మీ కాయిదం చావడి కాడ చదివించిన. అమలు పెట్టినం. యాంటీబాడీలుగ నర్సింహను, ఎల్లేశంను పొలిమేరల నిలబెట్టిన. ఇద్దరూ వస్తాదులు, పడితె ఇడువరు. కాంప్లిమెంటు గుంపుల ముందుగాల ఎవడు ఉరకాలె అని జర లొల్లి అయింది, సర్ది చెప్పిన. ఇంటర్ఫెరాన్ పని డప్పు సాయిలుది. ‘చస్తూ కూడా’ అని రాసిండ్రట, ఆడు పరేషాన్ల ఉన్నడు. బతికుండి చాటితె నడుస్తదా?

మీ
రాజయ్య

తా.క. నా పెండ్లాం సక్కుబాయి మనుమణ్ని వడ్ల గుమ్మి ఎనక దాసింది. ‘చెప్పెటోడు ముందు నా కండ్ల ముంగట పొడిపించుకోని’ అంటది.

హైదరాబాదు

రాజయ్య గారూ,

ప్రొటీన్లు మనుషులు కాదండీ! కంటికి కనిపించవు! వస్తాదులను ఇళ్లకు పంపండి. తప్పు మీది కాదు. చదువును కొద్దిమంది సొత్తు చేసి, ఊళ్లకు హుకుములు మాత్రమే పంపిన పాలకులది. గురువారం టీకాల జట్టుతో నేనే వచ్చి వివరిస్తాను.

విశ్వేశ్వరరావు

తా.క. సాయిలును చావొద్దనండి.

కొత్తగూడ

సార్, గుస్సా కాకుండ్రి.

మీ రెండో ఉత్తరం టపాల రాలే. మీరు ఏసుడు మరిచినట్లున్నరు, పెనుగులాటల మీ జేబులకెంచే పడ్డది. అప్పటిదాంక మాకేం ఎరుక? గురువారం మీరు పొలిమేరల దిగంగనే ‘మూడేండ్లల్ల టీకా ఏసుకున్నవా?’ అని నర్సింహ అడిగితె, మీరు ‘నేనెవరో తెలుసా?’ అంటిరి. ఎంత పెద్దోడైనా అని మీరే రాస్తిరి. పట్టిండు. గుంపు ఉరికొచ్చింది, సాయిలు డప్పు కొట్టిండు, తలుపులు పడ్డయి. ‘నేనే ఆఫీసరును!’ అని మీరు ఒర్లుతుంటె, ‘శత్రువు గట్లనే అంటడు’ అన్నడు ఎల్లేశం. టీకాలమ్మ వీరలక్ష్మి నవ్వుకుంట మీ దండచేతికి సూది పొడిచింది. అది కండ్లార చూసి, సక్కుబాయి మనుమణ్ని ఎత్తుకొచ్చింది. ఆమె ఎనక ఊరంత చేతులు చాపింది.

తెల్లారి క్వారీ మేస్త్రి జ్వరంతోని వస్తుంటె నర్సింహ పొలిమేరలనే ఆపిండు. టీకాలోళ్ల జీపుల దవాఖానకు తోలినం.

రాజయ్య

తా.క. పొడిచేటప్పుడు మీరు కండ్లు మూసుకున్నరు. మనుమడు మూసుకోలే.

హైదరాబాదు

రాజయ్య గారికి, సక్కుబాయి గారికి,

నాకు టీకా జ్వరం తగ్గింది. చెయ్యి సలుపుతోంది. మీ ఊరి మీద ఫిర్యాదు రాయడానికే కూర్చున్నాను. ఇంతలో ఆసుపత్రి కబురొచ్చింది. ఆ మేస్త్రికి మశూచేనట. కోలుకుంటున్నాడు. నా రెండో ఉత్తరం టపాలో పడి ఉంటే, ఆ రోజు అతన్ని ఆపేవాడెవడు? ఫిర్యాదు చించేశాను. మీ శేరిలింగంపల్లి చుట్టూ ప్రతి పొలిమేరలోనూ ఇలాగే కాపలా పెట్టాలని పైకి రాశాను. ఒప్పుకోకపోతే పోట్లాడతాను, అది నాకు అలవాటే.

వస్తాదులను ఇళ్లకు పంపకండి.

మీ ఊరి టీకా వేయించుకున్న
విశ్వేశ్వరరావు

తా.క. సోమవారం మళ్లీ వస్తున్నాను. ఈసారి చొక్కా చెయ్యి పైకి మడిచే జీపు దిగుతాను. నర్సింహకు ముందే చెప్పండి.