నల్లద్దం వెనక తమ్ముడు

అన్నయ్యకు,

ఈ రాత చూస్తే రాసింది నేనేనని నమ్ముతావని వదిన అంది. మన వెల్డింగ్ షాపు లెక్కల్లో నువ్వు రోజూ చూసే రాతే కదా. మాట్లాడదామంటే విరిగిన నా దవడను ఆస్పత్రిలో తీగలతో కట్టేశారు. విరగ్గొట్టింది నువ్వే. నింద వెయ్యడానికి కాదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మనం గేటు పైకెత్తుతుండగా చైను తెగి, కొక్కెం నీ తలకు కుడి పక్కన తగిలింది. చెవి పైన ఎముక లోపలికి దిగిపోయింది. బతకవనుకున్నాం. బతికి ఇంటికొచ్చావు, వదినను గుర్తుపట్టావు. నేను కంచం తెచ్చి ముందు పెడితే ఎగరగొట్టి, "ఎవడ్రా నువ్వు?" అన్నావు.

"అదేంటండీ, మీ తమ్ముడేగా!" అంది వదిన.

"మొహం వాడిదే. వీడు మాత్రం వాడు కాదు. మావాణ్ని ఏం చేశాడో అడుగు."

ఆ మాటతోనే నా గొంతు పట్టుకున్నావు. విడిపించబోయిన వదినను గోడకేసి నెట్టావు. ఆవిడ మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినపడింది. మర్నాడు నేను స్నానం చేస్తుంటే తలుపు బద్దలుకొట్టి కూరల కత్తితో వచ్చావు. భుజం మీద కుట్లు పడ్డాయి.

నీకు పిచ్చి కాదన్నాడు డాక్టరు. మొహాన్ని పోల్చుకునే చోటు నీ మెదడులో బాగానే ఉందట. అక్కణ్నుంచి 'వీడు నావాడు' అనే ప్రేమ పుట్టే చోటుకి వెళ్లే దారి తెగిపోయిందట. అందుకే నేను అచ్చం నాలా కనిపిస్తాను, నీకు పరాయివాణ్ని.

ఒక్క సాయంత్రం మాత్రం బాగా గడిచింది. నేను వెల్డింగ్ మాస్కు మొహం మీదికి దించుకుని పని చేస్తుంటే షాపులోకొచ్చి వెనక నిలబడ్డావు. "ఏరా, ఆ అతుకేంటి, కోడి కెలికినట్టు! మళ్లీ కొట్టు" అన్నావు. ఎన్నాళ్లకు తిట్టావో! సంతోషం పట్టలేక మాస్కు పైకెత్తి నవ్వాను. ఇనుప కడ్డీ నా దవడ మీద పడింది. కింద పడ్డాక పక్కటెముకల మీద పడింది. కొడుతూనే "చిన్నోడా, ఎక్కడున్నావురా!" అని ఏడుస్తున్నావు. అన్నయ్యా, ఆ ఏడుపు ఓర్చుకోలేకపోయాను. సుత్తి నా చేతికి దొరికింది. ఎత్తాను కూడా. నీ తల మీద ఆ కుట్లు చూసి వదిలేశాను.

ఇంకోసారైతే వదిలెయ్యగలనో లేదో తెలీదు. ఇద్దరిలో ఒకడు పోతాడు. అందుకే మానసిక ఆస్పత్రిలో, తాళం వేసే వార్డులో నిన్ను చేర్చడానికి సంతకం పెట్టాను. సోమవారం బండి వస్తుంది.

నీ తమ్ముడు

ఒరేయ్ చిన్నోడా,

నీ రాత చూసి ప్రాణం లేచొచ్చింది. నేను కొట్టింది నిన్ను కాదురా. మాస్కు వేసుకున్నంతసేపూ నువ్వే ఉన్నావు. అది పైకి లేచేసరికి లోపల వాడున్నాడు. నిన్నేం చేశాడో చెప్తాడేమోనని కొట్టాను. వాడి దవడ విరిగితే నీకెలా కట్టారో నాకు అర్థం కావట్లేదు. ఆలోచిస్తే తల పగిలిపోతోంది.

వాడు సుత్తి ఎత్తి వదిలేశాడు. నువ్వైతే ఒకటి వేసేవాడివి, చిన్నప్పుడు నా ముందు పన్ను ఊడగొట్టింది నువ్వే కదా! కొట్టించుకుని కూడా వాడు మీ వదినకు చేతికట్టు సరిచేసి మరీ ఆస్పత్రికి వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. వాడు చెడ్డవాడు కాడేమో. అయినా ఎదురుపడితే నా చెయ్యి నా మాట వినదు.

బండి వద్దురా. కత్తులూ కడ్డీలూ మీ వదిన చేత కొట్టుగదిలో పెట్టించి తాళం వేయించాను. తాళంచెవి నాకు ఇవ్వొద్దన్నాను. నువ్వు మాస్కుతోనే రా. తియ్యకు, నేను బతిమాలినా సరే. మాట్లాడలేకపోతే పోనీ, నువ్వెప్పుడు మాట్లాడావు గనక!

నీ అన్న

అన్నయ్యకు,

సంతకం వెనక్కి తీసుకున్నాను. బండి రాదు. నేనొస్తాను.

వీధి మలుపు దగ్గరే మాస్కు దించుకుంటాను. వదిన చెయ్యి పట్టుకుని నడిపిస్తానంది, ఆ నల్లద్దంలోంచి ఏమీ కనపడదు కదా. నువ్వు ఎదురుగా కూర్చున్నా నాకు చీకటే. అతుకు వేసేటప్పుడు మాత్రం ఇనుము పట్టుకునేది నువ్వే కావాలి, మొహం పక్కకి తిప్పుకుని. నిప్పు వెలిగినంతసేపూ నీ చేతులైనా చూసుకుంటాను.

నన్ను నవ్వించకు. దవడ నొప్పి. నవ్వొచ్చినా మాస్కు తియ్యను.

నీ చిన్నోడు