ఐదో గది మనిషి

మార్చి 3

ఏసీ కంపెనీ వారి ఇళ్ల విభాగానికి,

అయ్యా,

మీరు పంచిన రంగుల కాగితం మా తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది. "బయట ఒకే యూనిట్, లోపల గదికో యూనిట్. గోడల నిండా గొట్టాలు అక్కర్లేదు. ఏ గదికి ఆ వాతావరణం" అని అందులో ఉంది. బొమ్మలో నలుగురు నాలుగు గదుల్లో ఒకరికొకరు కనపడకుండా కూర్చుని తమలో తాము నవ్వుకుంటున్నారు. ఎందుకు నవ్వుకుంటున్నారో కాగితంలో లేదు.

నేను ఏదైనా చూసి గాని కొనను. ఫిబ్రవరి నెలంతా ఐదు గదుల్లోనూ థర్మామీటరు పట్టుకుని తిరిగి ఒక రిజిస్టరు రాశాను. నకలు జతపరిచాను. ఇంటి సంగతులు మీ ఆఫీసులో నలుగురి నోళ్లలో నానడం ఇష్టం లేక మనుషుల్ని గది నంబర్లతోనే రాశాను. క్లుప్తంగా చెప్పాలంటే ఇలా ఉంది. ఒకటో గది హాలు, వచ్చేపోయే వాళ్లది. రెండో గది మనిషికి ఎప్పుడూ ఉక్క, రెండు ఫ్యాన్లు చాలవు. మూడో గది మనిషికి ఎప్పుడూ చలి, ఎండాకాలంలోనూ స్వెట్టరే. ఈ ఇద్దరి మధ్య కిటికీ తలుపుల విషయమై నెలలో పదిహేడు గొడవలు, చివరి గడిలో తేదీలతో సహా ఉన్నాయి. నాలుగో గది మనిషి భోజనం వేళ తప్ప తలుపు తీయదు. ఐదో గది వంటకి. అక్కడి మనిషి రోజుకి తొమ్మిది గంటలు ఉంటుంది. ఫిబ్రవరిలోనే 36 డిగ్రీలు.

నా ప్రశ్న ఒక్కటే. రెండో గదిలో కూలింగ్, అదే సమయంలో మూడో గదిలో హీటింగ్, ఒకే బయటి యూనిట్ మీద నడుస్తాయా? అవునని గాని కాదని గాని రాయండి.

ఇట్లు,
ఈ గదుల బాధ్యత చూసుకునే మనిషి

తా.క. మీ కాగితం వెనక వైపు ఖాళీగా ఉంటే సరుకుల జాబితా రాసుకున్నాను. ఆ వైపు బాగా ఉపయోగపడింది.

---

మార్చి 9

గౌరవనీయులైన లాడ్జి యాజమాన్యం వారికి,

నమస్కారం. తమ ఉత్తరం, అతిథుల రిజిస్టరు అందాయి. ఇంత శ్రద్ధగా నడిచే లాడ్జిని మేము ఇంతవరకు చూడలేదు.

మా సూచనలు: రెండో గది అతిథికి, మూడో గది అతిథికి మధ్య తరచుగా గొడవలు జరుగుతున్నందున ఒకరిని పై అంతస్తుకి మార్చడం మంచిది. నాలుగో గది అతిథి భోజనానికి తప్ప బయటికి రావడం లేదని రాశారు. ఒకసారి గుర్తింపు కార్డు అడిగి చూసుకోండి.

ఐదో గదిలోని వంటమనిషికి ఏసీ అనవసరం. వంట చేసేవారు వేడికి అలవాటు పడి ఉంటారు. మరీ ఇబ్బంది పడుతుంటే మనిషిని మార్చుకోవడం మీకు తేలిక.

తమ ప్రశ్నకి సమాధానం: ఏ గదికి ఆ వాతావరణం.

భవదీయుడు,
సలహాదారు

తా.క. లాడ్జిలకి ప్రత్యేకమైన తగ్గింపు ఉంది గాని కనీసం ఇరవై గదులు ఉండాలి. తమరు ఐదింటి వివరాలే పంపారు. మిగతా పదిహేను కూడా పంపగలరు.

---

మార్చి 12

సలహాదారు గారికి,

మాది లాడ్జి కాదు, ఇల్లు. మిగతా పదిహేను గదులు కట్టించాక తెలియజేస్తాను.

మీరు రెండో గది అతిథి అన్నది మావారిని. ఆయన ఇంటి నుంచే కంప్యూటరు మీద ఉద్యోగం చేస్తారు. మూడో గది అతిథి ఆయన తల్లి. ఆవిడని పై అంతస్తుకి మార్చమన్న మీ సలహా పైకి చదివాను, అది నా పొరపాటు. మాకు పై అంతస్తు లేదని తెలిసి కూడా ఆవిడ ఒక పూట అన్నం మానేశారు. నాలుగో గదిలో ఉండేది మా అమ్మాయి, పరీక్షలకి చదువుకుంటోంది. మీరు చెప్పారని గుర్తింపు కార్డు అడిగాను. కాలేజీది చూపించింది. ఫొటోలో నవ్వుతోంది కాబట్టి నాకూ అనుమానం వచ్చింది.

ఇక ఐదో గది వంటమనిషిని నేను. మార్చుకోమన్నారు. ఇరవై రెండేళ్లలో ఈ ఇంట్లో ఎవరికీ తట్టని ఆలోచన మీకు ఒక్క ఉత్తరంతో తట్టింది. కొత్తమనిషి ఏ రోజు వస్తుందో రాస్తే పెట్టె సర్దుకుంటాను.

వేడికి అలవాటు పడి ఉంటారని ఏ పుస్తకంలో చదివారు? పోయిన మే నెలలో ఆ గదిలో 43 నమోదైంది. అలవాటు పడింది గోడ మీద క్యాలెండరు ఒక్కటే, అది కూడా అంచుల్లో చుట్టుకుపోయింది.

నా ప్రశ్న మళ్లీ రాస్తున్నాను. ఒకచోట కూలింగ్, ఒకచోట హీటింగ్, ఒకే సమయంలో. అవునా, కాదా?

ఇట్లు,
ఐదో గది మనిషి

తా.క. మీ సమాధానం రంగుల కాగితంలో ఉన్న మాటే. ఆ కాగితం నా దగ్గర ఉంది, దాని వెనక ఉప్పు, పప్పు, సబ్బులు అని రాసి ఉన్నాయి. ముందు వైపుతో పోలిస్తే వెనక వైపే స్పష్టంగా ఉంది.

---

మార్చి 17

గౌరవనీయులైన మేడమ్ గారికి,

జరిగిన పొరపాటుకి చింతిస్తున్నాము. తమరు ఇల్లాలని తెలిసి ఉంటే లాడ్జి ఫారం నింపేవాళ్లం కాదు. ఇప్పుడు ఇళ్ల ఫారం నింపాము.

ఇళ్ల ఫారంలో గడులు నాలుగు: హాలు, మొదటి పడకగది, రెండో పడకగది, మూడో పడకగది. తమ ఇంటికి తగిన బయటి యూనిట్‌కి కూడా నాలుగే తగిలించగలం. ఎంత చక్కగా సరిపోయిందో గమనించగలరు. వంటగది మా ఫారంలో "ఇతరములు" కింద వస్తుంది, మెట్లు, సామాన్ల గది, చెప్పుల స్థలంతో పాటు. ఇవి మనుషులు ఉండే చోట్లు కావు.

కొలతలకి మా టెక్నీషియన్‌ని పంపుతున్నాము. తమ ప్రశ్నని కూడా ఆయనకి తెలియజేశాము.

భవదీయుడు,
సలహాదారు

తా.క. వంటగదిలో నూనె ఆవిరి ఏసీ ఫిల్టర్‌కి పట్టేస్తుంది. వారం వారం కడగాలి. అంత ఓపిక ఎవరికి ఉంటుంది మేడమ్?

---

మార్చి 24

సలహాదారు గారికి,

మీ టెక్నీషియన్ వచ్చాడు. గదుల్ని టేపుతో కాక అడుగులతో కొలిచాడు. అడుగులు హాల్లో చిన్నవి, పడకగదుల్లో పెద్దవి. నా రిజిస్టరు ముందు పెడితే దాని మీద టీ కప్పు పెట్టుకుని, "ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా మేడమ్, మాట్లాడాలి" అన్నాడు. పెద్దవాళ్లు అన్నాడు కదా అని మా అత్తగారిని పిలిచాను. ఆవిడకి ఎనభై ఒకటి.

ఆవిడ గదిలో ఏడాది పొడుగునా 28 పెట్టుకోవచ్చని ఆవిడకి చెప్పాడు. మావారి గదికి వెళ్లి, ఏడాది పొడుగునా 18 పెట్టుకోవచ్చని ఆయనకి చెప్పాడు. రెండు తలుపులూ వేసి విడివిడిగా చెప్పాడు. రెండూ ఒకేసారా అని నడవలో నిలబెట్టి అడిగితే, అది ఆఫీసు వాళ్లు చెప్పాలన్నాడు. ఆఫీసేమో అతనికి చెప్పామంటుంది. మీ కంపెనీలో ప్రశ్నకి మాత్రం ఏ గదీ దొరకలేదు.

మావారు పత్రం మీద సంతకం చేసేశారు. నాలుగు యూనిట్లు. "అన్ని గదులూ వచ్చేశాయి" అని సంతోషపడ్డారు.

"నాదేది?" అన్నాను.

"నువ్వు ఎప్పుడైనా ఒక గదిలో కూర్చుంటావా? నీకెందుకు?" అన్నారు.

ఆయన చెడ్డవారు కారు. కూర్చోనన్న మాట నిజమే. ఐదో గదిలో కుర్చీ లేదు.

పత్రం వెనక చిన్న అక్షరాల్లో, వారం లోపల రద్దు చేసుకోవచ్చని ఉంది. అంటే మార్చి ముప్ఫై వరకు. ఆ తర్వాత ఈ ఎండాకాలమే కాదు, ఆ యంత్రం పాడయ్యేదాకా అన్ని ఎండాకాలాలూ ఆ గదిలో నేను ఇలాగే ఉడకాలి. సమాధానం ముప్ఫై లోపల కావాలి. ఒక్క మాట చాలు. మీకు అది కూడా బరువైతే ఒక అక్షరం రాయండి.

ఇట్లు,
మెట్లు, చెప్పుల స్థలంతో పాటు ఉన్న మనిషి

తా.క. ఓపిక సంగతి అడిగారు. పొయ్యి మీద చిమ్నీ ఫిల్టర్ ప్రతి శనివారం నేనే కడుగుతాను, పదకొండేళ్లుగా. మీ కంపెనీ పెట్టి తొమ్మిదేళ్లయిందని మీ కాగితంలోనే ఉంది. నా ఓపిక మీకన్నా రెండేళ్లు పెద్దది.

---

మార్చి 28

గౌరవనీయులైన మేడమ్ గారికి,

సార్ గారు సంతకం చేసినందుకు మా సంస్థ తరఫున అభినందనలు. తమ ఉత్తరాలన్నిటినీ "వినియోగదారుల ఆదరణ" అనే ఫైలులో భద్రపరిచాము. తమ కుటుంబ సౌఖ్యమే మా ధ్యేయం. ఏ గదికి ఆ వాతావరణం.

భవదీయుడు,
సలహాదారు

తా.క. అమ్మా, పైన ఉన్నది టైపు చేసింది. ఇది నా చేత్తో రాస్తున్నాను, పైవాళ్లు చూడలేదు. మీ ప్రశ్నకి సమాధానం: "కాదు." ఒకే బయటి యూనిట్ అయితే ఒకసారికి కూలింగ్ అయినా ఇస్తుంది, హీటింగ్ అయినా ఇస్తుంది. ముందు ఎవరు రిమోట్ నొక్కితే ఇల్లంతా వాళ్ల దారిలోనే నడుస్తుంది. రెండోవాళ్ల గదిలో ఒక చిన్న దీపం మినుకుమినుకుమంటుంది, అంతే. మా ఇంట్లో ఉన్నది ఇదే, అందుకే తెలుసు. మా అమ్మ తెల్లవారుతూనే లేచి హీటింగ్ నొక్కేది. మా ఆవిడ అంతకన్నా ముందు లేవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇద్దరూ కోడి కన్నా ముందే లేస్తున్నారు. చేసేది లేక రిమోట్లన్నీ నాతో ఆఫీసుకి తెచ్చుకుంటున్నాను. ఈ ఉత్తరం రాస్తుంటే ఎదురుగా బల్ల మీదే ఉన్నాయి. రెండూ ఒకేసారి ఇచ్చే రకం మా దగ్గర ఉంది గాని అది పెద్ద కట్టడాలకి. అంటే లాడ్జిలకి.

---

ఏప్రిల్ 21

సలహాదారు గారికి,

ఏడు వారాల్లో మీ కంపెనీ రాసిన ఒకే ఒక్క నిజం తాజా కలంలో వచ్చింది. భోజనాల దగ్గర అది చదివి వినిపించి, మీ ఉద్యోగానికి ముప్పు రాకుండా ఆ ముక్క కత్తిరించి పొయ్యిలో వేశాను. మీ ఇంటి గొడవ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, యంత్రం సంగతి వరకే చదివాను.

ముందు ఎవరు నొక్కితే వాళ్లదే అన్నచోట అందరూ తినడం ఆపారు. మా అత్తగారు ఐదింటికి లేస్తారు. మావారు ఎనిమిదింటికి. ఆయన మనసులో లెక్క వేసుకోవడం నాకు కనపడింది. చెయ్యి కడుక్కుని వచ్చి రద్దు పత్రం ఎక్కడుందని అడిగారు. "రద్దు ఎందుకురా, బాగానే ఉంది కదా" అన్నారు అత్తగారు. ఆయన ఆ పూటే రద్దు చేసేశారు.

మర్నాడు మీ షోరూముకి నేనే వచ్చి ఒంటరి ఏసీ ఒకటి తీసుకున్నాను. బయట ఒక యూనిట్, లోపల ఒక యూనిట్, ఐదో గదికి. ఎవరి సంతకమూ అడగలేదు, నాదే పెట్టాను. మీ ఫారంలో "ఇతరములు" కొట్టేసి పైన "మనిషి ఉండే గది" అని రాశాను. ఫారం పాడైందని మీ గుమాస్తా గొణిగాడు. బాగైందని చెప్పాను.

బిగించి పన్నెండు రోజులైంది. మొదటి రోజు మావారు మంచినీళ్లకని వచ్చారు. అరగంటసేపు తాగారు. రెండో రోజు కుర్చీ తెచ్చుకున్నారు, మూడో రోజు కంప్యూటరు. ఇప్పుడు సరిగ్గా ఏసీ కింద కూర్చుని ఉద్యోగం చేస్తున్నారు. కొడుకు అంతసేపు అక్కడేం చేస్తున్నాడో చూద్దామని అత్తగారు వచ్చారు. చలిగా ఉందంటూనే పొయ్యి పక్కకి జరిగారు. అక్కడ వెచ్చగా ఉంది. ఆ మూల ఆవిడది అయిపోయింది. స్వెట్టరు కూడా విప్పారు, ఇరవై రెండేళ్లలో ఆవిడ జాకెట్టు రంగు చూడటం నాకు ఇదే మొదటిసారి. వీళ్లిద్దరూ గొడవ పడటం లేదు, ఇంట్లో ఎవరైనా పోయారా అని అమ్మాయి పుస్తకాలతో సహా వచ్చేసింది.

మీరు నాలుగు యూనిట్లతో ఇవ్వలేనిది ఇదే కదా. ఒకచోట కూలింగ్, ఒకచోట హీటింగ్, ఒకే సమయంలో. గ్యాస్ పొయ్యి పెట్టి ఒక ఏసీ బిగిస్తే అవునన్న మాట వచ్చింది.

ఐదో గదిలో ఇప్పుడు కుర్చీలు మూడు. మూడూ నిండాయి. నాకు నిలబడటానికి కూడా చోటు లేదని పోయిన సోమవారం అన్నాను. మావారు కాళ్లు ముడుచుకున్నారు, లేవలేదు. సరేనని బీన్సు బుట్ట ఆయన ఒళ్లో పెట్టి, గరిటె అత్తగారికిచ్చి, బియ్యం ఎక్కడుంటాయో అమ్మాయికి చూపించి బయటికి వచ్చేశాను. ఎవరూ లేచి వెళ్లలేదు. వెళ్తే కుర్చీ పోతుందని ముగ్గురికీ భయం. కూరలో ఉప్పు ఎక్కువైంది. అయినా నేను ఏమీ అనలేదు, కొత్తమనుషులు కదా.

ఈ ఉత్తరం హాల్లో సోఫా మీద కాళ్లు చాపుకుని రాస్తున్నాను. పైన మామూలు ఫ్యాన్.

ఇట్లు,
ఒకటో గది అతిథి

తా.క. రిమోట్లన్నీ మీ బల్ల మీద ఉన్నాయన్నారు. అంటే ఇద్దరి నోళ్లూ మూసి మీరు ఆఫీసు చల్లదనంలో కూర్చున్నారన్నమాట. మీ ఆవిడ పగలు ఏ గదిలో ఉంటుందో, అక్కడ ఎన్ని డిగ్రీలో మీకు తెలుసా? ఇతరముల కింద వెతకండి.

ఇంకో తా.క. కొత్త రిజిస్టరులో ఈ రోజు వరస: ఒకటో గది. మనుషులు ఒకరు. ఉష్ణోగ్రత 34. గొడవలు లేవు.