పిలుపు ఆదివారం

1954 అక్టోబర్ 4, సోమవారం

ఉద్యోగంలో చేరాను. యూనివర్సిటీ పూర్వవిద్యార్థుల ఆఫీసులో టైపిస్టుని. పైఅధికారి లాత్రప్ గారు. బో టై, మెత్తటి మాట. నా పేరు ఫిలొమీనాకి ఆయన నోరు తిరగదట, మిస్ డూడెక్ అంటారు. కాన్వెంటులో ఏం నేర్పారని అడిగారు. లాటిను, కుట్టుపని, మౌనం అన్నాను. మూడోదే ఇక్కడ పనికొస్తుందన్నారు.

ఆఫీసు గోడల నిండా గొప్పవాళ్లు. జడ్జీలు, సెనేటర్లు, వంతెనలు కట్టినవాళ్లు, జబ్బులకు మందు కనిపెట్టినవాళ్లు. అందరూ ఇక్కడ చదివినవాళ్లో, చదువు చెప్పినవాళ్లో. నేను బొగ్గు గనుల ఊరి పిల్లని. తల వంచుకుని టైపు కొట్టాను.

అక్టోబర్ 7

ఫిజిక్సు బిల్డింగుకి కాగితాలు ఇవ్వడానికి వెళ్లాను. మెట్లు మలుపు తిరిగే చోట అందరూ గోడకు ఒరిగి నడుస్తున్నారు. ప్రొఫెసర్లు, స్టూడెంట్లు, నేల తుడిచే మనిషి కూడా. ఎవరికో దారి ఇచ్చినట్టు. అక్కడ ఎవరూ లేరు. నేను తిన్నగా వెళ్లాను. ఐసుపెట్టె తలుపు తీసినట్టు ముఖానికి చలి కొట్టింది. వెనక వస్తున్న అబ్బాయి నావైపు చిరాగ్గా చూశాడు, నేను ఎవరి కాలో తొక్కినట్టు.

అక్టోబర్ 29

ఇవాళ నేనూ గోడకు ఒరిగాను. ఎప్పుడు అలవాటైందో తెలియదు.

నవంబర్ 11, గురువారం

లాత్రప్ గారు కొత్త పని చెప్పారు. నక్షత్రాల శాస్త్రవేత్త డాక్టర్ అగస్టా పెల్ జీవిత వ్యాసం రాయాలి. ఆవిడ ఇంకా బతికే ఉన్నారు. మా గొప్పవాళ్ల వ్యాసాలు ముందే రాసి పెడతారట, చివరి వాక్యం మాత్రం ఖాళీగా వదిలి. ప్రతి గురువారం మధ్యాహ్నం వెళ్లి మాట్లాడి రావాలి.

నక్షత్రాల ఫొటోలు తీసిన గాజు పలకల మీద చుక్కలు కొలిచే కూలిపిల్లగా వచ్చారు ఆవిడ, 1903లో. మగవాళ్లెవరూ ఆ పని చేసేవాళ్లు కారు. ఇప్పుడు ఆవిడ పేరుతో ఒక తోకచుక్క ఉంది. ఆకాశం చూసే అబ్జర్వేటరీ పక్కన ఆవిడది చిన్న ఇల్లు. తలుపు తీసిన పనిమనిషి మిసెస్ ఓల్సెన్ నన్ను పైనుంచి కిందికి చూసి, చావు వ్యాసం అమ్మాయి వచ్చిందమ్మా అని లోపలికి కేక వేసింది.

నా చావు ఎంతదాకా వచ్చిందని డాక్టరు గారు అడిగారు. రెండు పేజీలు అన్నాను. దగ్గు వచ్చేదాకా నవ్వారు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. కేకు పెట్టారు. తిన్నాను.

నవంబర్ 18

ఫిజిక్సు మెట్ల మీద ఎలా నడుస్తున్నావని డాక్టరు గారు అడిగారు. గోడవారగా అన్నాను.

"అయితే హోలిస్‌కి దారి ఇస్తున్నావన్నమాట. మంచి పిల్లవి" అన్నారు.

ప్రొఫెసర్ హోలిస్ 1931లో పోయారు. ఆయన బొమ్మ మా ఆఫీసు గుమ్మం పైనే ఉంది.

నేను కప్పు కింద పెట్టేశాను. ఆవిడ మాత్రం బిస్కట్టు టీలో ముంచుకుంటూ, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పారు. ఏటా ఏప్రిల్లో యూనివర్సిటీ చర్చి అయిన చాపెల్లో పిలుపు ఆదివారం జరుగుతుంది. ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు పాస్టరు గారు ఒక్కొక్కటే పిలుస్తారు. తెలిసినవాళ్లెవరో లేచి, పోయినవాళ్ల తరఫున, హాజరు అంటారు. చూడడానికి బాగుంటుంది. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటారు. ఆ మాట ఏం చేస్తుందో ఎవరూ ఆలోచించరు. పేరు పెట్టి పిలిచి హాజరు వేయించాక మనిషి ఎక్కడికి పోతాడు? ఇక్కడే ఉండాలి. మెట్లు రెండేసి ఎక్కే మనిషి హోలిస్. ఇప్పుడు ఆ మలుపు దాటలేకపోతున్నాడు. ఎప్పుడో పోయిన జడ్జి ఏమరీ మా ఆఫీసు కిటికీ దగ్గర తోలు కుర్చీలో ఉన్నాడట.

ఆ కుర్చీ నాకు తెలుసు. సీటు మీద గుంట ఎప్పుడూ పైకి లేవదు. లాత్రప్ గారు దాని చుట్టూ దుమ్ము దులుపుతారు గాని దాన్ని ముట్టుకోరు.

మా మతోపదేశం పుస్తకంలో స్వర్గం, నరకం, పాపాలు కడిగే శుద్ధిస్థలం, ఇవే ఉన్నాయని చెప్పాను.

"ఇంకొకటి రాసుకో. ఫిజిక్సు మెట్లు" అన్నారు.

డిసెంబర్ 4

పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనకు వెళ్లి, డాక్టరు గారు చెప్పిందంతా ఫాదర్ కియర్నన్‌కి చెప్పాను. పొద్దున సరిగా తింటున్నావా అని అడిగారు. తింటున్నానన్నాను. పుస్తకాలు తగ్గించమన్నారు. తర్వాత, ఏ మెట్లు అని అడిగారు. చెప్పాను. ఆయన మా మధ్య ఉన్న చెక్క జాలీకి దగ్గరగా జరిగారు. ఆఖరికి, తాను కూడా అక్కడ గోడవారగానే వెళ్తానని మెల్లగా చెప్పి, మూడు జపాలు శిక్ష వేసి పంపేశారు.

1955 జనవరి 13, గురువారం

డాక్టరు గారు మంచం మీదే ఉన్నారు. చిక్కిపోయారు. వ్యాసం తీయొద్దన్నారు.

తన పేరు పిలవొద్దని యూనివర్సిటీ ప్రెసిడెంటుని అడిగారట. ఆయన ఈవిడ చెయ్యి పట్టుకుని, మీరు మా సొత్తు, మిమ్మల్ని ఎలా పోనిస్తాం అన్నాడట. ఎంతో ప్రేమగా. కొండ మీద కట్టే కొత్త అబ్జర్వేటరీకి ఆవిడ పేరే పెడుతున్నారు. పిలుపు రోజున తనే స్వయంగా లేచి హాజరు అంటానని మాట కూడా ఇచ్చాడట.

డాక్టరు గారు చనువు చూపే మనిషి కాదు. అయినా నా మణికట్టు పట్టుకున్నారు.

"యాభై ఏళ్లు దూరాన ఉన్నవాటినే చూశాను పిల్లా. ఒక్కసారి దగ్గరికి పోవాలని ఉంది. నా పేరుకి ఎవరినీ పలకనివ్వకు."

నావల్ల కాదన్నాను. బోర్డింగు హౌసులో భోజనం దగ్గర ఉప్పు అందివ్వమని అడగడానికే నాకు గొంతు రాదు. వందల మందిని నేనెలా ఆపుతాను? ఆవిడ చెయ్యి వదిలి, గోడవైపు తిరిగి పడుకున్నారు. మాట ఇవ్వకుండానే వచ్చేశాను.

దారంతా మంచు. ఎవరైనా నన్ను దాటి వెళ్తే బాగుండుననిపించింది. ఎవరూ రాలేదు.

ఫిబ్రవరి 10

లాత్రప్ గారు పిలిచి కూర్చోమన్నారు. పిలుపు రోజున కొన్ని పేర్లకు పలికేవాళ్లే ఉండరట. ఎక్కడో చిన్న ఊళ్లో కొట్టు పెట్టుకుని పోయినవాళ్లు, పెళ్లీ పిల్లలూ లేనివాళ్లు. ఇన్నాళ్లూ కాసేపు నిశ్శబ్దంగా ఉండి తర్వాతి పేరు పిలిచేవాళ్లు. చందాలిచ్చే పెద్దలకు ఆ నిశ్శబ్దం నచ్చడం లేదు. మనసు పాడవుతోందని ఫిర్యాదు. అందుకని ఈసారి వాళ్ల తరఫున నేను లేచి హాజరు అనాలి.

నాకు గొంతు లేదండీ అన్నాను. తేనె తాగు, వస్తుందన్నారు. పద్ధతి చెప్పారు. మొదట లేచినవాళ్ల మాటే మాట. మిగతావాళ్లు కూర్చోవాలి. ఒకసారి జవాబు వచ్చిన పేరు పాస్టరు గారు మళ్లీ పిలవరు.

ఇంటికొచ్చాక అర్థమైంది. ఎవరికీ పట్టని వాళ్లు ఇన్నాళ్లూ హాయిగా వెళ్లిపోయారు. ఇక నుంచి వాళ్లనీ పట్టి ఉంచాలి. ఆ పట్టేది నేను.

మార్చి 3, గురువారం

డాక్టరు గారు ఈ మధ్యాహ్నం పోయారు. నేను వెళ్లేసరికి దుప్పటి కప్పేశారు.

ఆఫీసుకి వచ్చి వ్యాసంలో చివరి వాక్యం నింపాను. ఒక్క తప్పు కూడా పడలేదు.

మార్చి 17

ఆవిడ దగ్గర తెచ్చుకున్న పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. ముందు గదిలో ఆవిడ కుర్చీ గుమ్మంకేసి తిరిగి ఉంది. ఎప్పుడూ కిటికీ దగ్గర, ఆకాశంకేసి ఉండేది. నువ్వు తిప్పావా అని మిసెస్ ఓల్సెన్‌ని అడిగాను. నేనెందుకు తిప్పుతాను, రోజూ కిటికీ వైపు పెట్టి చస్తున్నాను, వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి మళ్లీ గుమ్మంకేసి ఉంటోంది అంది. భయం లేదా అంటే, భయమెందుకు, ప్రయాణం పెట్టుకున్న మనిషి అలాగే కూర్చుంటుంది, పాపం కోటు కూడా లేదు అంది. చెప్పి ముక్కు చీదుకుంది.

కుర్చీ పక్కన నిలబడ్డాను. చలి. మెట్ల మలుపు దగ్గర ఉండే చలే.

ఈసారి మాట ఇచ్చాను. పైకి అనలేదు. పెదవులు మాత్రం కదిపాను.

ఏప్రిల్ 21

చాపెల్లో రిహార్సలు. ఖాళీ చాపెల్. పాస్టరు గారు ఉత్తుత్తి పేరు పిలిచారు. లేచాను. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ పిలిచారు. మళ్లీ అంతే. పాస్టరు గారు గడియారం చూసుకున్నారు. లాత్రప్ గారు జేబులోంచి తేనె సీసా తీసి నా చేతిలో పెట్టారు. నిజంగానే తెచ్చారు.

హాజరు అనడానికే గొంతు లేదు. నేను అనుకుంటున్న మాట ఎలా వస్తుంది?

ఏప్రిల్ 24, ఆదివారం

చాపెల్ నుంచి రాగానే కూర్చుని రాస్తున్నాను.

చాపెల్ నిండిపోయింది. పూల టోపీల ఆడవాళ్లు, మెడల్సు పెట్టుకున్న ముసలివాళ్లు. వెనక నాలుగు వరసలు మాత్రం ఖాళీ. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా అక్కడ కూర్చోలేదు. ప్రెసిడెంటు ముందు వరసలో. నేను పక్కగా, స్తంభం దగ్గర.

నాకిచ్చిన మొదటి పేరు బాస్కమ్. ఏదో ఊళ్లో మేకుల కొట్టు నడిపి పోయాడు. పిలిచారు. నేను లేవలేదు. నిశ్శబ్దం. లాత్రప్ గారు వెనక్కి తిరిగి నాకేసి చూశారు. తేనె తాగినట్టు సైగ చేశారు. తల దించుకున్నాను. పాస్టరు గారు గొంతు సవరించుకుని తర్వాతి పేరుకి వెళ్లారు. వెళ్లిరండి బాస్కమ్ గారూ అని మనసులో అనుకున్నాను.

తర్వాత ఒక సెనేటరు పేరు. పదిమంది ఒక్కసారి లేచారు. ఒకాయన హాజరు అన్నాడు. వెనక ఖాళీ వరసల్లో చెక్క కిర్రుమంది, ఎవరో సర్దుకుని చోటిచ్చినట్టు. ఎవరూ తిరిగి చూడలేదు.

అగస్టా పెల్ అని పిలిచారు.

ప్రెసిడెంటు కోటు బొత్తాం పెట్టుకున్నాడు. భారీ మనిషి. ముందు వరస కమ్మీ పట్టుకుని లేవాలి. ఆయన లేచేలోపు నేను లేచి ఉన్నాను. నాకే తెలియలేదు. పాస్టరు గారు నన్ను చూశారు. అందరూ చూశారు. నోరు తెరిచాను. గాలి. మళ్లీ తెరిచాను.

"లేరు" అన్నాను.

అది నా గొంతేనా? పైకప్పుకి తగిలి తిరిగొచ్చింది. ఇంకా మిగిలి ఉందనిపించి అదీ అనేశాను.

"లేరండీ. వెళ్లిపోయారు."

ప్రెసిడెంటు సగం లేచి అలాగే ఉండిపోయాడు. లాత్రప్ గారి ముఖం సున్నం కొట్టినట్టు అయింది. ఎవరో ఆడమనిషి, పొగరు చూడు అంది.

అప్పుడు ముందు వరసలో టోపీల రిబ్బన్లు కదిలాయి. తర్వాత రెండో వరసలో. మూడో వరసలో. ఒక్కో వరసా దాటుకుంటూ తలుపు దాకా. తొందరలో ఉన్న మనిషి నడిచినట్టు. తలుపు మూసే ఉంది. తెరుచుకోలేదు. అయినా ఆ నడక ఆగలేదు.

పాస్టరు గారు నాకేసి, ప్రెసిడెంటుకేసి చూశారు. మొదట లేచినవాళ్ల మాటే మాట. ఆయన తర్వాతి పేరు పిలిచారు.

కూర్చోబోతుంటే వెనక నాలుగు వరసలూ ఒక్కసారి కిర్రుమన్నాయి. బెంచీల నిండా కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి మెడ తిప్పితే ఎలా ఉంటుందో అలా. నాకేసి. నాకిచ్చిన మిగతా పేర్లకీ లేవకుండా కూర్చున్నాను, చివరిదాకా నా వీపు మీద ఆ చూపు ఉంది.

ఏప్రిల్ 25

ఉద్యోగం పోయింది. లాత్రప్ గారు కోప్పడలేదు. ప్రెసిడెంటు గారి ఆర్డరు, నా చేతిలో లేదన్నారు. మాట్లాడుతూ జడ్జి కుర్చీకేసి రెండుసార్లు చూశారు. గొంతు తగ్గించి అడిగారు, ఆవిడ నిజంగా వెళ్లారా అని. వెళ్లారన్నాను. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

పెట్టె సర్దే ముందు డాక్టరు గారి ఇంటికి వెళ్లాను. కుర్చీ కిటికీ దగ్గర ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి కదలలేదని మిసెస్ ఓల్సెన్ చెప్పింది. సీటు మీద చెయ్యి పెట్టి చూశాను. ఎండ పడి వెచ్చగా ఉంది. మామూలు కుర్చీ.

ఏప్రిల్ 26

బస్సు పది గంటలకి. ఏడింటికి పెట్టె తీసుకుని బోర్డింగు హౌసు తలుపు తెరిచాను. పచ్చిక మీద తెల్లగా మంచు. అందులో జతలు జతలుగా పాదాలంత నల్లటి మచ్చలు. మెట్ల దగ్గర మొదలై గేటు దాకా, గేటు దాటి వీధి మలుపు దాకా. ఒకరి వెనక ఒకరు. నేను చూస్తుండగానే చివర ఇంకో జత పడింది.

పెట్టె కింద పెట్టాను. ఫిజిక్సు మెట్ల మలుపు దగ్గరి చలే. మొదటి మెట్టు మీద ఉన్న ఖాళీకేసి చూసి, మీ పేరేమిటండీ అని అడిగాను.